సున్నపుబట్టి – రసాయనపాఠము



ఈ ప్రసంగమును వినుచున్న మీలో చాలమంది యిప్పుడు కూర్చున్నది తాండూరుబండమీదనే యై యుండును. అరుగుమీద కూర్చున్నను, నట్టింట పీట వేసికొని కూర్చున్నను, క్రింద పఱచినది ఆ నీలపురాయియో పసుపువన్నె రాయియో యగును. మన జిల్లాలో ఆ రాతిమీద నడవనివారు లేరు. కాని ఆ రాయి యెట్టిది, దానిని కాల్చిన ఏమగును, కాల్చినదానిపై నీరు పోసిన ఏల సలసల క్రాగును అని అడిగినచో, పదవతరగతి పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకొన్న బాలుడు కూడ తెల్లమొగము వేయును. వానికి సమీకరణము వచ్చును, రాయి రాదు. అదే యూరిలో సున్నము కాల్చిన ముసలివానికి రాయి వచ్చును; సమీకరణము రాదు. ఒకే యూర నుండియు ఈ యిరువురును ఒకరినొకరు ఎఱుగకుండుట యెట్లు సంభవించినది, వారిని కలుపుటకు ఎవ్వరెవ్వరు ఏమేమి చేసిరి అను చరిత్రను నేడు కొంత మనవి చేసెదను. నేను రసాయనశాస్త్రజ్ఞుడను గాను, తెలుగుపండితుడను. అయినను ఈ విషయమున నాకొక ఋణము గలదు. అది యేమో మధ్యలో చెప్పెదను.

వికారాబాదునుండి తాండూరునకు రైలుదారి సుమారు 40 కిలోమీటర్లు. సికింద్రాబాదునుండి వాడివఱకు నిజాము రాజ్యమున వేయబడిన దారిలోని భాగమిది. 1874లో బండ్లు నడచుట మొదలయ్యెను. కిటికీకడ కూర్చుండి పోవు వానికి ఈ కొద్దిదూరములోనే మూడు తెఱగుల నేల కానవచ్చును. వికారాబాదుకడ అనంతగిరిగుట్టలు, అనంతపద్మనాభస్వామి సన్నిధి, మూసీనది పుట్టుచోటు. అచ్చటి రాయి ఎఱ్ఱనిది, చిల్లులు పడినట్లుండునది, ఇనుము కలిసినది. దాని చుట్టుపట్ల, పూర్వమెన్నడో భూమి చీలి పాఱిన అగ్నిద్రవము గడ్డకట్టగా ఏర్పడిన నల్లరాయి గలదు. అది చివికి యేర్పడినదే మన నల్లరేగడి, కందిపంటకు పుట్టినిల్లు. (తాండూరు కందికి 2022లో భౌగోళికగుర్తింపు లభించినది.) ఇంకను పడమటికి పోగా పుటలు పేర్చిన గ్రంథమువలె పొరలుపొరలుగా సున్నపురాయి బయటపడును. అది ఎన్నో కోట్ల యేండ్ల క్రిందట నీటి అడుగున పేరుకొన్నది. అచ్చటినుండి కాగ్నానది భీమవైపునకు పోవును.

తాండూరు 1956వఱకు గుల్బర్గా జిల్లాలోని తాలూకా. అందుచేతనే ఆ యూరి పెద్దలనోట తెలుగును, కన్నడమును, ఉరుదును కలగలుపుగా వినవచ్చును. భాషా రాష్ట్రముల యేర్పాటులో అది తెలుగుసీమకు చేరినది. 2016లో వికారాబాదు జిల్లా యేర్పడినప్పుడు అందులో కలిసినది. రాతిపొర మాత్రము ఈ హద్దుల నెఱుగక అటు షాబాదువఱకు ఒకటిగానే సాగియున్నది. కావుననే ఒకే రాతిని కొందఱు షాబాదుబండ యందురు, కొందఱు తాండూరుబండ యందురు. 1980ల దశాబ్దమున కేంద్రప్రభుత్వపు సిమెంటుసంస్థ తాండూరు చెంత కరన్‌కోటలో కర్మాగారమును నెలకొల్పెను. తరువాత ప్రైవేటు కంపెనీలును వచ్చినవి. కొండంత పొగగొట్టము ఊరికి కనబడుచునే యున్నది. లోపల రాతికి ఏమి జరుగుచున్నదో ఊరికి తెలియదు.

పూర్వమట్లు కాదు. సిమెంటు రాకమునుపు సున్నము ఊరందఱి యెదుటనే పుట్టెడిది. ఊరి వెలుపల బట్టి. ఒక వరుస రాయి, ఒక వరుస కట్టెలు లేక బొగ్గు. రేయింబవళ్లు కాలిన తరువాత రాయి తెల్లబడి, చేతికి తేలికగా వచ్చును. దానిపై నీరు చల్లిన బుసబుస పొంగి, ఆవిరి లేచి, పొడియై పోవును. ఆ పొడిని ఇసుకతో కలిపి ఎద్దులు త్రిప్పు గానుగలో నూఱిన డంగుసున్నమగును. 1591లో కట్టిన చార్మినారు నిలిచియున్నది రాతితోను ఈ సున్నముతోనే. గోడకు వెల్ల సున్నమే, తాంబూలమునకు సున్నమే. పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱనగునని తెలియని ఇల్లాలు లేదు. పెండ్లికూతురి కాళ్లకు పారాణియు, బిడ్డకు దిష్టితీయు ఎఱ్ఱనీళ్లును అట్లు వచ్చినవే. బట్టలుతుకు రజకులు చౌడుమన్నును సున్నమును కలిపి కాచిన నీటిలో మురికిబట్టలు నానవేసెడివారు. చౌడు ఒక్కటే చేయలేని పనిని సున్నము కలిసిన చౌడు చేయును. ఏల చేయునో ముందు చెప్పెదను.

ఇక నా ఋణము సంగతి. అది 1992వ సంవత్సరము. ఒక ఉన్నతపాఠశాలలో శాస్త్రోపాధ్యాయులు బదిలీయై వెళ్లినందున, క్రొత్తవారు వచ్చువఱకు రసాయనపాఠములను పుస్తకము చూచి చదివింపుమని నన్ను నియోగించిరి. ప్రయోగశాల యనుపేర ఒక గాజుబీరువా యుండెను, తాళము పడియుండెను, తాళపుచెవి బదిలీయైనవారితోడనే పోయెనని చెప్పిరి. నేను పుస్తకము చేతబట్టి సున్నపురాతిని గూర్చి చదువుచు, పండితులకు సహజమైన ఉత్సాహముతో ఒక ప్రశ్న వేసితిని: కాల్చిన రాయి బరువు పెరుగునా, తగ్గునా? తరగతి యంతయు మౌనము. కడపటి బల్లనుండి ఒక బాలుడు లేచెను. వాని తాత సున్నము కాల్చువాడు.

“తక్కువైతది సార్. మా తాత జెప్పిండు. రెండు పుట్ల రాయి గాలిస్తే పుట్టి కంటె జరంత ఎక్కువ సున్నమెల్తది, గంతే.”

“మిగిలిన రాయి యెక్కడికి పోవునోయి?” అంటిని.

“గాలిల వోతది సార్.”

తరగతి యంతయు ఘొల్లున నవ్వెను. నేనును నవ్వితిని. రాయి గాలిలో కలియునా, కూర్చుండు మని వానిని కూర్చుండబెట్టి పాఠము సాగించితిని. ఆ బాలుడు చెప్పిన మాటయే పుస్తకమున మఱుసటి పంక్తిలో నుండెను. దానిని నేనే పెద్దగా చదివితిని. సున్నపురాతినుండి కార్బన్ డయాక్సైడు వాయువు వెలువడును అని చదివి, ఆ వాక్యమునకును ఆ బాలుని మాటకును సంబంధము గలదని నాకు తోచక, ముందునకు పోతిని. ఆ బాలుడు వేసవి తరువాత బడికి రాలేదు. బండగనిలో పనికి కుదిరెనని వింటిని. నా మాటవలననే మానెనని అనను, వారి ఇంట కష్టములుండినవి. కాని వాడు తన తాత నుడివిన మాటను నలుగురిలో చెప్పిన ఒక్కసారియు నవ్వులపాలు కావించినది నేను.

తరువాత కొన్నాళ్లకు ఒక శాస్త్రచరిత్ర గ్రంథము నా చేతికి వచ్చినది. అందు చదివితిని: రాయి గాలిలో కలియునని పదునెనిమిదవ శతాబ్దము నడుమ నిరూపించినవాడును ఒక విద్యార్థియే. జోసఫ్ బ్లాక్ అను స్కాట్లండు దేశీయుడు ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము చదువుచుండెను. ఆ కాలమున మూత్రాశయమున రాయి పుట్టినవారికి సున్నపుతేట త్రాగించెడివారు. రాతికి మందు రాతిసున్నమే యన్నమాట. ఆ సున్నము ఆలిచిప్పలనుండి తీసినది మేలా, రాతినుండి తీసినది మేలా యని ఇద్దఱు ఆచార్యులు, రాబర్టు విట్టును చార్లెసు ఆల్‌స్టనును, వాదులాడుచుండిరి. మన కోస్తావారు గుల్లసున్నము మేలనియు మనము రాతిసున్నము మేలనియు తాంబూలముకడ వాదించుకొనుట వంటిదే ఇది. గురువులిద్దఱి నడుమ నలుగుట యేల యని బ్లాక్ సున్నమును వదలి, మెగ్నీసియా ఆల్బా యను తెల్లని పొడిని పరిశోధనకు గైకొనెను. తెలివిగల శిష్యుడు! కాని పోనీ యనుకొన్న సున్నమే తిరిగి వాని దారికి వచ్చినది.

అతడు చేసిన పని చెప్పుటకు సులువు. పొడిని తూచెను, కాల్చెను, మరల తూచెను, బరువు తగ్గెను. తగ్గిన బరువు నీరు కాదని, గాలియని కనుగొనెను. సున్నపురాతికిని ఇదే జరుగుచున్నదని చూపెను. అంతకుముందు పండితులు అనుకొన్నది వేఱు. కాల్చిన సున్నమునకు నాలుకను పొక్కించు తీక్ష్ణత అగ్నికణములు అందు చొరబడుటచేత వచ్చినదని వారి సిద్ధాంతము. వినుటకు ఎంతయో సమంజసముగా నుండును. అగ్నిలో పెట్టిన వస్తువునకు అగ్నిగుణము వచ్చుట తర్కమునకు లోబడినట్లే తోచును. కాని త్రాసు తర్కమును వినలేదు. అగ్ని యేదియో ఇచ్చినచో బరువు పెరుగవలెను గదా! తగ్గినది. కావున సున్నము పొందినది లేదు, పోగొట్టుకొన్నది గలదు. ఈ సిద్ధాంతవ్యాసమును బ్లాక్ 1754లో సమర్పించెను, విరివిగా వ్రాసి 1756లో ప్రకటించెను. అప్పటికి అతని వయస్సు ముప్పదికి లోపు.

నేటి లెక్కలో చెప్పవలెనన్న, శుద్ధమైన సున్నపురాయి 100 పాళ్లలో 44 పాళ్లు గాలియై పోవును; 56 పాళ్లు సున్నము మిగులును. రెండు పుట్లకు పుట్టికన్న కొంచె మెక్కువ! ఆ ముసలివాడు త్రాసులేక, బండ్లను లెక్కించి, బేరములో మోసపోకుండుటకై కనిపెట్టిన లెక్క అది. నేను ఆ పంక్తి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ గాలికి మన పూర్వపు పాఠ్యపుస్తకములు బొగ్గుపులుసుగాలి యని చక్కని పేరు పెట్టినవి. పేరులోనే పాఠమున్నది: బొగ్గు కాలిన వచ్చునది, నీట కలిసిన కొంచెము పులుపగునది. సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదిన అది పాలవలె తెల్లబడును. మన ఊపిరిలోను ఆ గాలియే యున్నది. పోయిన గాలి తిరిగివచ్చి సున్నము మరల రాయియైనది. గోడకు పూసిన డంగుసున్నము ఏండ్లు గడచినకొలది గట్టిపడుటయు ఇందుచేతనే. బట్టిలో పోయినదానిని గోడ గాలినుండి మెల్లమెల్లగా తిరిగి పుచ్చుకొనుచున్నది.

ఇదంతయు దొరలదేశపు విద్యయని పెద్దలు తలపవలదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున క్షారపాకవిధి యను అధ్యాయము కలదు. వ్రణములను కాల్చుటకు తగిన క్షారమును చేయు విధానము అందున్నది. మోక్షవృక్షాదుల కట్టెలను సున్నపురాళ్లతో కూడ దహించి, ఆ బూడిదను ఆరురెట్ల నీటిలో కలిపి, ఇరువదియొక్కమాఱు వడకట్టి, కాచవలెను. మృదుక్షారమును మధ్యమముగా పెంచుటకు సున్నపురాళ్లను, శంఖములను, చిప్పలను ఎఱ్ఱగా కాల్చి అందు కలుపవలెను. అట్లు చేసినదానిని ఇనుపకుండలో దాచవలెను. ఎందులకు కాల్చిన చిప్పలు? బూడిదక్షారములో బొగ్గుపులుసుగాలి కట్టుబడి యున్నది. కాల్చిన సున్నము దానిని లాగికొని తాను రాయియై అడుగున పడును; క్షారమునకు తీక్ష్ణత వచ్చును. రజకుని చౌడులో సున్నము చేయు పని ఇదియే. సుశ్రుతుని శిష్యుడు, మన ఊరి రజకుడు, బ్లాక్ పండితుడు, ముగ్గురును ఒకే రాతినుండి ఒకే పాఠమును చదివినవారు. ఆచార్య ప్రఫుల్లచంద్రరాయలు 1902లోను 1909లోను రెండు సంపుటములుగా ప్రకటించిన హిందూరసాయనశాస్త్రచరిత్రలో ఇట్టి సంగతులను తవ్వి బయటపెట్టిరి. నాగార్జునుని బంగారుకథలకన్న ఇవి మిన్న యని నా మతము.

రసేంద్రచింతామణికర్త అభిప్రాయము మఱియు తీక్ష్ణము. తాను చేసి చూడనిదానిని వ్రాయనని అతడు పంతము పట్టెను. చెప్పినదానిని చేసి చూపగలవాడు గురువు, చూచినదానిని మరల చేయగలవాడు శిష్యుడు, తక్కినవారు వేషధారులని అతని తాత్పర్యము. 1992లో పుస్తకము చేతబట్టి నిలుచున్న నన్ను అతడు ఏ వర్గమున చేర్చియుండునో చెప్పనక్కఱలేదు.

ఇట్టి విద్య బడికి ఏల దూరమైనది? ఒక కారణము భాష. నిజాము రాజ్యమున 1917లో అనువాదశాఖయు, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఏర్పడినవి. రసాయనాది శాస్త్రములను దేశభాషలో బోధింపవచ్చునని లోకమునకు చాటిన ఘనత ఆ విద్యాలయమునకు దక్కవలసినదే. కాని ఆ దేశభాష ఉరుదు. సున్నపుబట్టికడ తెలుగో కన్నడమో పలుకు తాండూరు బాలునకు అదియు నేర్వవలసిన పరభాషయే. హైదరాబాదులోనే 1906లో పుట్టిన విజ్ఞానచంద్రికామండలి రసాయనశాస్త్రమును తెలుగున అచ్చొత్తించినది. కాని అది పాఠకునకు చేరినంత బడికి చేరలేదు. 1948 తరువాత తెలుగు బడిలోనికి వచ్చినది. ఆమ్లజని, ఉదజని, నత్రజని వచ్చినవి. మేము సంస్కృతపదములను కూర్చి సంతోషించితిమి. బొగ్గుపులుసుగాలి మాత్రము నాటుగా నున్నదని వెడలగొట్టితిమి. పిమ్మట ఆంగ్లము వచ్చినది. ఉరుదున వల్లించినను, సంస్కృతమున వల్లించినను, ఆంగ్లమున వల్లించినను, చేయి కదలనప్పుడు వల్లెవేత వల్లెవేతయే గదా! కాబట్టి దోషమంతయు భాషమీద నెట్టుటకు నాకు మనసొప్పదు.

విద్యార్థులచేత చేయించియే నేర్పవలెనను ప్రయత్నములు లేకపోలేదు. జర్మనీలో గీసెన్ అను చిన్నయూర 1824లో ఆచార్యుడైన లీబిగ్, శిష్యులందఱిచేతను ప్రయోగశాలలో స్వహస్తముతో పనిచేయించు పద్ధతిని నెలకొల్పెను. దూరదేశములనుండి ఆ చిన్నయూరికి విద్యార్థులు వచ్చిరి. మన దేశమున 1937లో గాంధీజీ ప్రేరణచే వార్ధాలో మౌలికవిద్యావిధానము రూపొందినది. దానిని తీర్చిదిద్దిన సంఘమునకు అధ్యక్షులు డాక్టరు జాకీర్ హుసేను. వారు హైదరాబాదుననే జన్మించినవారు. చేతిపనిద్వారా చదువు అని వారి సంకల్పము. ఆచరణలో తకిలి మిగిలినది. తకిలిలోనుండి శాస్త్రమును వడకు గురువులు చాలినంతమంది దొరకలేదు. 1972లో మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో పదునాఱు మాధ్యమికపాఠశాలలతో మఱియొక ప్రయత్నము మొదలైనది. స్వల్పమూల్యపు పరికరములతో పల్లెపిల్లలే ప్రయోగములు చేయుట, పరీక్షలో పుస్తకము దగ్గర నుంచుకొననిచ్చుట దాని ప్రత్యేకత. ముప్పది యేండ్లు నడచి 2002లో ప్రభుత్వపు టుత్తర్వుతో ఆగిపోయినది. 1993నుండి దేశమంతట బాలల విజ్ఞానకాంగ్రెసు జరుగుచున్నది. పిల్లలు జట్లుగా చేరి తమ యూరి సమస్యనొకదానిని పరిశోధించి చెప్పుట దాని పద్ధతి. ఇందు మంచిపని చేసిన పల్లెబడులు కలవు.

పిమ్మట పాఠ్యపుస్తకములే మాఱినవి. ప్రయోగములను కృత్యములనుపేర పాఠములోనే చేర్చిరి. మన రాష్ట్రమున 2014–15నుండి పదవతరగతిలో 80 మార్కులు పరీక్షకును, 20 మార్కులు బడిలోని పనులకును కేటాయించిరి. ప్రాజెక్టుపని యనునది వానిలో నొకటి. ఉద్దేశము గొప్పది. జరిగినదేమో మీ మనుమలనడిగిన చెప్పెదరు. సంతవీధిలోని పుస్తకాలదుకాణమున ప్రాజెక్టులు వ్రాసి కుట్టినవే అమ్ముదురు. థర్మకోలుతో అగ్నిపర్వతము, రంగుకాగితము, చెంత చక్కని చేవ్రాలు; ఆ చేవ్రాలు అక్కయ్యదో బాబాయిదో. మార్కులు మాత్రము పిల్లవానివి. దీనికి పిల్లలను నిందింపను. తూచుటకు త్రాసులేని బడిలో, కాల్చుటకు దీపములేని బడిలో, నలుబదినిమిషముల గంటలో, పరిశోధన చేసికొని రమ్మనిన వారేమి చేయుదురు? కొనుక్కొని వత్తురు.

త్రాసు, దీపము లేవనుట కూడ పూర్తిగా నిజము కాదని నేను విశ్రాంతి పొందిన తరువాత తెలిసికొంటిని. నావద్ద తెలుగు చదివిన ఒక బాలిక ఇప్పుడు భౌతికరసాయనశాస్త్రోపాధ్యాయురాలు. ఆమె తన తొమ్మిదవతరగతి పిల్లలచేత ఒక పని చేయించుచు నన్ను చూడరమ్మనెను. పిల్లలు అనంతగిరి ఎఱ్ఱరాయి, పొలములోని నల్లరాయి, తాండూరు నీలపుబండ, పసుపుబండ తెచ్చిరి. నాలుగింటిమీదను నిమ్మరసము పిండిరి. ఎఱ్ఱనిదియు నల్లనిదియు ఊరకున్నవి. బండలు రెండును చుఱచుఱమని నురుగు గట్టినవి. బండల నునుపుచేయు మిల్లులనుండి వచ్చు తెల్లని బురదయు నురుగు గట్టినది. ఆ బురదను పొలములో చల్లిన ఎరువగునని ఒకరి తండ్రి చెప్పెనట. అగునా? పులుపెక్కిన నేలకు సున్నపుపొడి మేలు చేయునది నిజమే. కాని మన రేగడిలో సున్నపుపాలు ముందే యున్నది. పొలపుమట్టిమీదను నిమ్మరసము పిండగా అదియు సన్నగా నురిసెను. కావలసినది ఉన్నచోటనే మరల పోయుట యేలయని పిల్లలే అనిరి. ఆ తండ్రికి ఆ సాయంకాలమే కబురు చేరియుండును.

తరువాత బండముక్కను తూచి కాల్చవలెను. త్రాసు అవుసలవారి యింటినుండి వచ్చినది. అంతకన్న సూక్ష్మమైన త్రాసు పట్టణపు కళాశాలలోను ఉండునో లేదో. దీపమునకు మాఱు ఊరి కమ్మరికొలిమి. (కాల్చిన సున్నముపై నీరు పోయు పనిని మాత్రము పిల్లలకు వదలక, అందఱిని దూరముగా నిలిపి, ఉపాధ్యాయురాలు తానే చేసినది. అది కంటబడిన చూపు పోవును. పెద్దలు ఈ సంగతి మఱవగూడదు.) కాల్చి తూచిరి. నూటికి 56 పాళ్లు మిగులవలసినచోట అంతకన్న చాల ఎక్కువ మిగిలెను. పుస్తకము తప్పా, త్రాసు తప్పా, రాయి తప్పా? శుద్ధమైన సున్నపురాయి కాదు, మన బండలో ఇసుకపాలు మట్టిపాలు కలవు, అవి కాలినను గాలియై పోవు అని కొందఱు. సరిగా కాలలేదని కొందఱు. బాగుగా కాలినదని తెలియుట యెట్లు? పుస్తకమున ఉష్ణోగ్రత యున్నది. కొలిమికి కొలమానము లేదు.

అప్పుడు నాకు ఆ బాలుడు జ్ఞప్తికి వచ్చెను. విచారింపగా తాండూరు దాపుననే ఒక బండగనిలో మేస్త్రీగా నున్నాడని తెలిసెను. కబురంపగా ఒక ఆదివారము వచ్చెను. తల నెరయుచున్నది. నీ తాత చెప్పినదే నిజము, నేను ఆనాడు తప్పితినని పిల్లల యెదుటనే చెప్పితిని. అతడు తల వంచుకొని, “గదేంది సార్, ఎప్పటి ముచ్చట” అనెను. పిల్లలు చుట్టుమూగి, కాలిన రాతిని తాత యెట్లు గుర్తించువాడని అడిగిరి.

“రంగు జూసి జెప్తుండె. ఒక్కోపారి రాయిని రాయితోని గొట్టి సప్పుడు ఇంటుండె. మంచిగ గాలితే ఒక తీరు మోగుతదట. గా మోత ఎట్లుంటదో నాకు యాదికి లేదు బిడ్డా. అప్పుడు ఇనుడే గాని వట్టించుకోలె.”

తాత గతించి ఇరువదియేండ్లు దాటినది. బట్టి యున్నచోట ఇప్పుడు ఇండ్లు లేచినవి. ఊరిలో మఱియొకడు సున్నము కాల్చినవాడు లేడు.

ఒక బాలిక కాలిన ముక్కను పగులగొట్టెను. వెలుపలి తెల్లని పొర లోపల నడుమ ఇంకను బూడిదరంగు రాయి గుండెవలె మిగిలియుండెను. దానిమీద నిమ్మరసము వేయగా చుఱ్ఱుమనెను. కాలలేదన్నవారిదే పైచేయి, ఇసుకపాలు సంగతి ఇంకను తేలలేదు. ఈమాఱు రాతిని గోలీలంత ముక్కలుగా కొట్టి, తూచి, వ్రాసికొని, మరల కొలిమిలో వేసిరి. అతడు చొక్కాచేతులు మడచి తిత్తికడ కూర్చుండెను. ఒక పిల్ల పుస్తకములో గీతలు గీచి, బరువునకు ఒక గడి, రంగునకు ఒక గడి, చప్పుడునకు ఒక గడి యేర్పఱచెను. చీకటి పడువఱకు నేను అచ్చటనే ఉంటిని.